ఇంటి సినిమాల కేటలాగ్: బీరువాలోంచి కంప్యూటర్‌లోకి

ఇంట్లో పోగైన సినిమాలను కేటలాగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఇంట్లో ఏయే ప్రతులు ఉన్నాయో రాసుకోవడం ఒకటి. ఒక్కో ప్రతి ఏ సినిమాదో సాఫ్ట్‌వేర్‌కు చెప్పి, దర్శకుడు, నటీనటులు, సంగీతం, విడుదలైన సంవత్సరం, పోస్టరు లాంటి వివరాలను ఇంటర్నెట్ నుంచి తెప్పించుకోవడం రెండోది. ఈ రెండో పనిని చాలావరకు యంత్రమే చేసిపెడుతుంది. మొదటిది మాత్రం ఇంటివాళ్ళు చేసుకోవాల్సిందే. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గరే సగం చిక్కులు మొదలవుతాయి. సినిమా వేరు, దాని ప్రతి వేరు. "మాయాబజార్" ఒక సినిమా. మూడు వీసీడీల పెట్టె దానికొక ప్రతి, రంగులద్దిన డీవీడీ ఇంకో ప్రతి, టీవీలో వస్తుంటే రికార్డు చేసుకున్న ఫైలు మరో ప్రతి. కేటలాగ్‌కు విలువ వచ్చేది ప్రతుల వల్లే. సినిమా సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. మూడో డిస్కు గీతలు పడి ఆగిపోతోందన్న సంగతి ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఇందుకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. మొదటి రకం వస్తువుల పట్టిక రాసుకునేది. ఉచితంగా దొరికే టెల్లికో, జీసీస్టార్, డబ్బు కట్టి వాడుకునే సీఎల్‌జడ్ మూవీస్ ఈ కోవలోవి. రెండో రకం హార్డ్ డిస్క్‌లోని ఫైళ్ళను వెతికి, గుర్తుపట్టి, టీవీ మీద ఆడించేది. కోడీ, ప్లెక్స్, జెల్లీఫిన్ అలాంటివి. కోడీ మొదట ఎక్స్‌బాక్స్ కోసం ఎక్స్‌బీఎంసీ అన్న పేరుతో పుట్టి 2014లో పేరు మార్చుకుంది. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి సొంతంగా నిలబడింది. బీరువాలో ఉన్న డిస్కులే ఎక్కువైతే మొదటి రకం, ఫైళ్ళే ఎక్కువైతే రెండో రకం నప్పుతుంది. రెండూ ఉన్న ఇంట్లో అసలు పట్టికను మొదటి రకంలో పెట్టుకుని, రెండోదాన్ని ఆడించుకోవడానికి వాడుకోవడం మేలు. ఫైళ్ళ సాఫ్ట్‌వేర్‌కు అరలో ఉన్న అట్టపెట్టె కనిపించదు.

సినిమాల వివరాలు ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తాయి. ఐఎండీబీ 1990లో నాటి చర్చా వేదిక యూజ్‌నెట్‌లో సినిమా అభిమానులు కూర్చుకున్న జాబితాలుగా మొదలైంది. 1998లో అమెజాన్ దాన్ని కొనుక్కుంది. 2008లో మొదలైన టీఎండీబీ వాడుకదారులే నింపుతూ, దిద్దుతూ పెంచుతున్న కోశం. కోడీ, జెల్లీఫిన్ లాంటివి ఎక్కువగా దీని మీదే ఆధారపడతాయి. తెలుగు సినిమాకు అందులో తెలుగు లిపిలో పేరు కూడా చేర్చే వీలుంది. ఎవరైనా చేర్చి ఉంటే కనిపిస్తుంది, లేకపోతే ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. తప్పు కనిపించినప్పుడు అక్కడే ఖాతా తెరిచి దిద్దవచ్చు. పాత తెలుగు సినిమాల పుటలకు ఆ సాయం ఎంతో అవసరం.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే డిస్కులన్నీ కిందికి దించి, ఒక్కోదానికి వరస నంబరు వేసుకోవాలి. అట్ట మీద చిన్న చీటీ అంటించి అదే నంబరు పట్టికలోనూ రాయాలి. పేరు మారినా, సంవత్సరం దిద్దినా, సాఫ్ట్‌వేర్‌నే మార్చినా ఆ నంబరు మాత్రం మారకూడదు. పట్టికలో వరస నంబరు, తెలుగులో సినిమా పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, సంవత్సరం, దర్శకుడు, ప్రతి రకం, డిస్కుల సంఖ్య, ప్రతిలో వినిపించే భాష, ఉన్న చోటు, డిస్కు స్థితి అనే నిలువు వరుసలుంటే చాలు. నటీనటులను చేత్తో టైపు చేస్తూ కూర్చోవడం వృథా శ్రమ, ఆ జాబితా ఎలాగూ కోశం నుంచి వస్తుంది. దర్శకుడి పేరు ఒక్కటి మాత్రం రాసి ఉంచుకోవాలి. పోలిక కుదిరిందో లేదో చూసుకోవడానికి అదే ముఖ్యమైన ఆధారం.

అట్ట మీద బార్‌కోడ్ ఉంటే స్కాన్ చేసి అంతటితో పని ముగించవచ్చని చాలామంది ఆశపడతారు. హాలీవుడ్ డీవీడీల విషయంలో ఆ ఆశ చాలాసార్లు నెరవేరుతుంది. తెలుగు డిస్కులకు అంతగా పనిచేయదు, ఎందుకంటే ఆ నంబర్లను కోశాల్లో నమోదు చేసినవాళ్ళు తక్కువ. ఒకే డిస్కులో రెండు మూడు సినిమాలు కలిపి అమ్మిన వాటికైతే బార్‌కోడ్ దొరికినా ఒక్క సినిమాతో జత కుదరదు. అయినా ఆ నంబరు రాసి ఉంచుకోవడం మంచిదే, ఏ ముద్రణో అది చెబుతుంది. భారతీయ సంస్థలు తీసుకున్న పదమూడంకెల బార్‌కోడ్ 890తో మొదలవుతుంది. అందులో చివరి అంకె మిగతా పన్నెండింటిని సరిచూసుకోవడానికి పెట్టినది. ఉదాహరణకు మొదటి పన్నెండు అంకెలు 890123456789 అనుకుందాం. బేసి స్థానాల్లో ఉన్న 8, 0, 2, 4, 6, 8 కలిపితే 28. సరి స్థానాల్లో ఉన్న 9, 1, 3, 5, 7, 9 కలిపితే 34, దాన్ని మూడుతో హెచ్చిస్తే 102. రెండూ కలిస్తే 130. తర్వాతి పదుల సంఖ్యకు చేరడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఇక్కడ 130 ఇప్పటికే పదుల సంఖ్య కాబట్టి చివరి అంకె సున్నా అవుతుంది. టైపు చేసేటప్పుడు ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క పట్టేస్తుంది.

బార్‌కోడ్‌కు అసలు ముప్పు పట్టిక రాసే స్ప్రెడ్‌షీట్‌లో ఉంది. ఎక్సెల్ గడిలో ఆ పదమూడు అంకెలు కొట్టగానే అది వాటిని పెద్ద సంఖ్యగా భావించి, 8.90123 అని చూపి, పక్కన ఇంగ్లీషు అక్షరం ఈ, ప్లస్ గుర్తు, 12 వేస్తుంది. అదే స్థితిలో ఫైలును కామాలతో గడులను విడదీసే సీఎస్‌వీగా భద్రపరిస్తే మిగతా అంకెలు పోతాయి, మళ్ళీ తెరిస్తే సున్నాలే ఉంటాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇంకో రకం నష్టం కనిపిస్తుంది. అక్కడి పన్నెండంకెల బార్‌కోడ్ సున్నాతో మొదలైతే ముందున్న ఆ సున్నా ఎగిరిపోతుంది. బార్‌కోడ్ ఉన్న నిలువు వరుసను మొదటే టెక్స్ట్‌గా మార్చి పెట్టుకుంటే రెండు నష్టాలూ తప్పుతాయి.

తేదీలకూ ఇలాంటి తిప్పలే. "గుండమ్మ కథ" 1962 జూన్ 7న విడుదలైంది. దాన్ని ఏడు, ఆరు, 1962 అని అంకెల్లో రాస్తే అమెరికన్ పద్ధతిలో నడిచే కంప్యూటర్ జూలై 6 అని చదువుకుంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన తేదీ రాసే పద్ధతి పాటిస్తే ఈ గందరగోళం ఉండదు.

తెలుగు లిపితో వచ్చే చిక్కులు మరీ ముఖ్యం. పేర్లు యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీలో వాడే అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితా చూడ్డానికి తెలుగులా ఉన్నా, కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలే. ఎక్కించేముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే. సీఎస్‌వీ ఫైలు యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రమై ఉండాలి. అందులో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. చదివే సాఫ్ట్‌వేర్ ఆ సంగతి గుర్తించకపోతే ఆ మూడు బైట్లనూ మూడు విడి గుర్తులుగా చూపుతుంది, "దేవదాసు" ఉండాల్సిన చోట అర్థంలేని యూరప్ అక్షరాల వరస కనిపిస్తుంది. అంతమాత్రాన ఫైలు పాడైందనుకుని మళ్ళీ టైపు చేయనక్కర్లేదు. ఎక్కించే తెరలో ఎన్‌కోడింగ్ అన్న చోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లన్నీ యథాస్థానానికి వస్తాయి.

లిపి సరిగ్గా ఉన్నా వర్ణక్రమం ఇబ్బంది పెడుతుంది. "పెళ్ళి చేసి చూడు" 1952 నాటిది, "పెళ్ళి పుస్తకం" 1991 నాటిది, "పెళ్ళి సందడి" 1996 నాటిది. ఈ మాటను ళకు ళ వత్తు ఇచ్చి రాసేవాళ్ళున్నారు, ల వత్తు ఇచ్చి రాసేవాళ్ళూ ఉన్నారు. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. ఇళ్ళు, కళ్ళు, దేవుళ్ళు ఉన్న పేర్లన్నిటికీ ఇదే బెడద. ఇంటి జాబితా వరకు ఒకే పద్ధతి పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా దానికే కట్టుబడాలి. ఏ పద్ధతి మంచిదన్న వాదన ఇక్కడ అనవసరం. పొల్లు తర్వాత కంటికి కనిపించకుండా చేరే జోడింపు నిరోధక గుర్తు (జీరో-విడ్త్ నాన్-జాయినర్) కూడా వెతుకులాటను ఇలాగే చెడగొడుతుంది. వేరే చోట నుంచి కాపీ చేసిన పేర్లలో అది తరచుగా దాక్కుని వస్తుంది. కాపీ చేసినదాని కంటే చేత్తో టైపు చేసిన పేరే నమ్మకమైనది.

ఫైలు సిద్ధమయ్యాక మొత్తాన్నీ ఒకేసారి ఎక్కించకూడదు. రకరకాల పేర్లున్న ఓ పది పన్నెండు వరుసలను విడిగా తీసి పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ మొదట పట్టికలోని ఏ నిలువు వరుస తన ఏ గడికి చెందుతుందో అడుగుతుంది. పేరు పేరుకు, సంవత్సరం సంవత్సరానికి సులువుగానే కుదురుతాయి. ప్రతి ఉన్న చోటు, డిస్కు స్థితి లాంటి వాటికి కొన్నిట్లో తయారుగా గడులుండవు, అప్పుడు కొత్తగా చేర్చుకోవాలి. వాటిని వదిలేసి ముందుకు వెళ్తే, ఇంటివాళ్ళు రాసుకున్న సమాచారమే పోయి ఊళ్ళో అందరికీ తెలిసినది మాత్రం మిగులుతుంది. ఒకే గడిలో ఇద్దరు సంగీత దర్శకుల పేర్లుంటే వాటి మధ్య ఏ గుర్తు ఉండాలో కూడా చూసుకోవాలి. టెల్లికో సెమీకోలన్‌ను ఆశిస్తుంది. మామూలు కామా పెడితే ఇద్దరూ కలిసి ఒకే మనిషి అయిపోతారు.

ఇక అసలు ఘట్టం, ప్రతిని సరైన సినిమాతో జత చేయడం. తెలుగులో ఒకే పేరుతో వచ్చిన సినిమాలకు కొదవ లేదు. "దేవదాసు" అంటే 1953 నాటి అక్కినేని సినిమా కావచ్చు, 1974లో కృష్ణ నటించినది కావచ్చు, 2006లో రామ్ తొలి సినిమా కావచ్చు. "మల్లీశ్వరి" 1951లో బి.ఎన్.రెడ్డి తీసినదొకటి, 2004లో వెంకటేశ్ నటించినదొకటి. పేరు మాత్రమే ఇస్తే కోశం ఏదో ఒకదాన్ని ముందుకు తోస్తుంది, అది ఎక్కువమంది చూసే కొత్త సినిమానే కావడానికి అవకాశం ఎక్కువ. సంవత్సరం కలిపి ఇస్తే చాలావరకు సరిపోతుంది. అయితే సంవత్సరం కూడా ఒక్కోసారి రెండు తీరులుగా ఉంటుంది. "శంకరాభరణం" థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. జాతీయ అవార్డులు అందుకున్నది మాత్రం 1979 సినిమాల లెక్కలో. ఒక చోట 1979, మరో చోట 1980 కనిపిస్తే రెండు సినిమాలని భ్రమపడకూడదు.

"మాయాబజార్" దగ్గర ఈ పని ఎంత సున్నితమో తెలుస్తుంది. 1936లోనూ ఆ పేరుతో ఒక సినిమా వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1957లో తీసినది తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. రెంటికీ దర్శకుడు ఒకరే, సంవత్సరం ఒకటే, కృష్ణుడిగా రామారావు, ఘటోత్కచుడిగా రంగారావు, కథానాయికగా సావిత్రి రెండింటిలోనూ ఉన్నారు. కాబట్టి పేరు, సంవత్సరం, దర్శకుడు మూడూ కలిసినా తమిళ సినిమా వివరాలు తెలుగు డిస్కుకు అతుక్కునే ప్రమాదముంది. తేడా పట్టించేవి రెండు పాత్రలు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, లక్ష్మణ కుమారుడు రేలంగి. తమిళంలో ఆ చోట్ల జెమినీ గణేశన్, తంగవేలు కనిపిస్తారు. దిగుమతి అయ్యాక నటుల జాబితాలో ఆ రెండు పేర్లు చూసుకుంటే చాలు. పేరు రాత కూడా అడ్డుతగులుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ సినిమా పేరును ఒకే మాటగా రాసేవాళ్ళున్నారు, రెండుగా విడగొట్టేవాళ్ళున్నారు, బజార్ చివర ఆర్‌కు ముందు ఒక ఏ వేసేవాళ్ళు, రెండు వేసేవాళ్ళు ఉన్నారు. 2010లో వచ్చిన రంగుల ప్రతిది ఇంకో సమస్య. అది కొత్త సినిమా కాదు, పాతదాని మరో రూపం. దాన్ని అదే సినిమా కింద వేరే ప్రతిగా రాసి, ఎడిషన్ అన్న గడిలో రంగుల ముద్రణ అని గుర్తు పెట్టాలి. సంవత్సరం గడిలో 2010 వేస్తే జత మొత్తం చెడిపోతుంది.

ఒకసారి సరైన జత కుదిరాక ఆ సినిమాకు కోశం ఇచ్చిన గుర్తింపు సంఖ్యను పట్టికలో రాసిపెట్టుకోవడం అన్నిటికంటే లాభసాటి పని. ఐఎండీబీ సంఖ్య రెండు ఇంగ్లీషు టీ అక్షరాలతో మొదలై ఏడెనిమిది అంకెలతో ఉంటుంది. రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా ఆ సంఖ్య ఇస్తే చాలు, పేరు రాతతో నిమిత్తం లేకుండా అదే సినిమా దొరుకుతుంది. జెల్లీఫిన్‌లో ఫోల్డర్ పేరు చివర చదరపు బ్రాకెట్లలో ఆ సంఖ్య చేర్చితే వెతుకులాట లేకుండానే గుర్తుపడుతుంది.

డబ్బింగ్ సినిమాల దగ్గర భాష గడిని రెండుగా విడదీయాలి. "రోజా" 1992లో తమిళంలో తీసిన సినిమా. ఇంట్లో ఉన్న డిస్కులో వినిపించేది తెలుగు. కోశం నుంచి వచ్చే భాష తమిళం అనే ఉంటుంది, అది తప్పు కాదు. మూల భాష ఒక గడి, ప్రతిలో వినిపించే భాష మరో గడి అని పెట్టుకుంటే రెండూ నిజాలుగా నిలుస్తాయి.

మనుషుల పేర్లదీ అదే కథ. నందమూరి తారక రామారావు, ఎన్.టి.రామారావు, చుక్కలు లేని ఎన్టీ రామారావు, ఎన్టీఆర్, ఈ నాలుగూ నలుగురు మనుషులుగా జాబితాకెక్కుతాయి. వాటిని కలుపుతున్నప్పుడు మనవడి సినిమాలు తాత ఖాతాలో పడకుండా చూడాలి, ఇద్దరి పేరూ ఒకటే కదా. ఇంటి పేరుతో మొదలుపెట్టాలా, పొడి అక్షరాలతోనా అన్నది ఒకసారి నిర్ణయించుకుని అందరికీ అదే పాటించాలి.

అక్షరక్రమం కూడా గమనించాల్సినదే. సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లీషు అక్షరాలు ముందు, తెలుగు అక్షరాలు తర్వాత. సగం పేర్లు ఒక లిపిలో, సగం ఇంకో లిపిలో ఉంటే జాబితా రెండు ముక్కలవుతుంది. అసలు పేరు తెలుగులో పెట్టి, ఇంగ్లీషు రాతను ప్రత్యామ్నాయ పేరు గడిలో ఉంచడం సబబు. ఇంగ్లీషు పేర్ల ముందు వచ్చే ఏ, ఆన్, ది అనే మాటలను వదిలి వరసలో పెట్టే సాఫ్ట్‌వేర్‌లున్నాయి. 2016లో వచ్చిన "అ ఆ" పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అవి మొదటి అక్షరాన్ని వ్యాకరణపు మాట అనుకుని పక్కన పెట్టేస్తాయి. తెలుగులో శ్రీ అన్నదాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను వదలదు. "శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం" వ కింద రావాలా, శ కింద రావాలా అన్నది వరస పేరు గడిలో ఇంటివాళ్ళే నిర్ణయించుకోవాలి.

హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైళ్ళకు ఒక్కో సినిమాకు ఒక్కో ఫోల్డర్ ఉండాలి. ఫోల్డర్ పేరు సినిమా పేరుతో మొదలై, బ్రాకెట్లలో సంవత్సరంతో ముగియాలి. కొన్ని పేర్లకు కంప్యూటర్ ఒప్పుకోదు. "7/జి బృందావన్ కాలనీ", "సి/ఓ కంచరపాలెం" పేర్లలో ఉన్న వాలు గీతను ఫైలు పేరులో రాయడం కుదరదు. విండోస్‌లో "1: నేనొక్కడినే" పక్కనుండే రెండు చుక్కలకూ చోటు లేదు. ఫైలు పేరులో ఆ గుర్తు తీసేసి, కేటలాగ్ పేరులో మాత్రం ఉంచుకోవచ్చు. వీసీడీ ఒక్కోదాంట్లో 74 లేదా 80 నిమిషాల సినిమానే పడుతుంది కాబట్టి తెలుగు సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. మూడు డిస్కుల నుంచి తీసిన మూడు ఫైళ్ళను ఒకే ఫోల్డర్‌లో పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3 అని పేరు చివర చేర్చి ఉంచితే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే సినిమాగా చూస్తుంది. లేకపోతే ఒక్క సినిమా మూడుసార్లు జాబితాకెక్కుతుంది.

నిడివి కలవలేదని జతను అనుమానించే సందర్భాలు వస్తాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతి వీడియో సెకనుకు 25 ఫ్రేములు ఆడిస్తుంది. అంటే 184 నిమిషాల "మాయాబజార్" ఆ వేగంతో ఇంచుమించు 177 నిమిషాలకే ముగుస్తుంది, ఒక్క దృశ్యం కూడా తగ్గకుండా. అంతకు మించిన తేడా ఉంటే అప్పుడు ఏదో పాటో సన్నివేశమో కత్తిరించారని అర్థం. దాన్ని స్థితి గడిలో రాయాలి.

పెళ్ళి వీడియోలు, బారసాల క్యాసెట్లు, ఊరి జాతరలో తీసుకున్నవీ ఇదే బీరువాలో ఉంటాయి. వీటిని ఏ కోశంతోనూ జత చేయడానికి ప్రయత్నించకూడదు. పేరు దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఇంటి పెళ్ళి క్యాసెట్‌కు ఎవరిదో సినిమా పోస్టరు తగిలిస్తుంది. వాటికి వేరే విభాగం తెరిచి, ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యాన్ని అక్కడ ఆపేయాలి. తేదీ, ఊరు, వీడియోలో ఎవరెవరున్నారు, ఎవరు తీశారు అన్నవి పెద్దవాళ్ళను అడిగి రాసుకోవాలి. మొత్తం పనిలో వాయిదా వేయకూడనిది ఇదొక్కటే, ఆ మొహాలను గుర్తుపట్టగలిగేవాళ్ళు ఎప్పటికీ ఉండరు.

పరీక్ష వరుసలు సవ్యంగా వచ్చాక మిగతావి ఎక్కించవచ్చు. రెండోసారి దిగుమతి చేసేటప్పుడు పాతవాటిని మార్చమనాలా, కొత్తగా చేర్చమనాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. చూడకుండా చేర్చమంటే జాబితా రెట్టింపవుతుంది. చూడకుండా మార్చమంటే చేత్తో దిద్దుకున్నవి పోతాయి. అందుకే దిగుమతికి ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. పోస్టర్ల బొమ్మలు తన దగ్గరే దాచుకుంటుందా, ఇంటర్నెట్‌లోని లంకె మాత్రమే పెట్టుకుంటుందా అన్నదీ తెలుసుకోవాలి. మాక్ కంప్యూటర్లలో ఎంతో పేరున్న డెలీషియస్ లైబ్రరీ అనే కేటలాగ్ సాఫ్ట్‌వేర్ వివరాల కోసం అమెజాన్ మీద ఆధారపడేది. ఆ దారి మూసుకుపోవడంతో 2024లో దాన్ని నిలిపేశారు. అలాంటప్పుడు జాబితాను బయటికి తీసి పెట్టుకున్నవాళ్ళకు నష్టం ఉండదు. కొత్త డిస్కులు చేరినప్పుడల్లా కేటలాగ్ మొత్తాన్నీ సీఎస్‌వీగానో ఎక్స్‌ఎంఎల్‌గానో బయటికి తీసి, వేరే డ్రైవులో దాచి, ఒకసారి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. వరుసల సంఖ్య సరిపోవాలి, బార్‌కోడ్‌లు పూర్తిగా కనిపించాలి, తెలుగు పేర్లు తెలుగులోనే చదవడానికి రావాలి.